జాయ్ కోసం నలభై ముక్కలు

కెందుబని స్టేషను క్వార్టర్సు,
2024 నవంబరు 3.

చిన్నాన్నకు మౌనిక వందనాలు.

మీ చెవి మిషను మళ్లీ కూత పెడుతోందని సిరిల్ అన్నయ్య చెప్పాడు. ఫోనులో నేను ఒకటి అడిగితే మీరు ఇంకొకటి చెబుతున్నారు, అందుకే ఉత్తరం. ఖరగ్‌పూర్ నుంచి మా మీదుగా పోయే పాసింజరుకు సిరిల్ అన్నయ్యే గార్డు. ఇప్పుడు గార్డు అనకూడదట, ట్రైన్ మేనేజరు అనాలట. ఏదైతేనేం, బండి ఇక్కడ రెండు నిమిషాలు ఆగుతుంది, ఆ రెండు నిమిషాల్లో మన ఉత్తరాలు చేతులు మారిపోతాయి.

రాజ్‌ని ఇక్కడికి స్టేషను మాస్టరుగా బదిలీ చేసి అయిదు నెలలైంది. దగ్గర్లో ఉన్న ఒక్క బడి పదకొండు కిలోమీటర్లు, అదీ ఒడియా మీడియం. అందుకని జాయ్‌కి ఇంట్లో నేనే చెప్పుకుంటున్నాను. తెలుగు చదువుతుంది, ఇంగ్లీషు చదువుతుంది, కథలు చెప్పమంటే ఆపదు. లెక్కల పుస్తకం తెరిస్తే మాత్రం రాయిలా కూర్చుంటుంది. కిందటేడు ఖరగ్‌పూర్ బడిలోనూ ఇంతే కదా, పరీక్ష కాగితం తెల్లగా ఇచ్చి వచ్చింది. తప్పు రాస్తే దిద్దుతాను. ఏమీ రాయని దాన్ని ఏం దిద్దను?

రాజ్ ఓపిక అయిపోయింది. విశాఖపట్నంలో ఆడపిల్లల హాస్టలు ఫారం తెప్పించి గూట్లో పెట్టాడు. ఫిబ్రవరిలోగా కూడికలు, తీసివేతలు సొంతంగా చేస్తే సరే, లేకపోతే అక్కడ చేర్పించేస్తానన్నాడు. దానికి తొమ్మిదేళ్లు, చిన్నాన్నా. నా పక్కన తప్ప ఇంకెక్కడా నిద్రపోదు.

ఇంకో మాట. గోల్‌బజార్‌లో రెండు పేక కట్టలు కొని సిరిల్ అన్నయ్య చేత పంపండి. పిన్నికి తెలియనివ్వకండి. ఇక్కడ సాయంత్రాలు ఏమీ తోచదు, ఆలోచించగా ఆలోచించగా... అయ్యో, సిగ్నలు ఇచ్చేశారు. మిగతాది మళ్లీ రాస్తాను.

మీ మౌనిక

*

తాల్‌బగీచా, ఖరగ్‌పూర్,
నవంబరు 9.

అమ్మా మౌనికా,

దేవుడు మిమ్మల్ని కాపాడుగాక అని ఎప్పుడూ అలవాటుగా రాస్తాను. ఈసారి నిజంగానే కాపాడాలని రాస్తున్నాను.

రెండు పేక కట్టలా? ఒకటి చాలలేదా? నేను ఇక్కడ చర్చి సంఘంలో పెద్దని. గోల్‌బజార్‌లో సగం మంది నన్ను ఇప్పటికీ టికెట్ బాబు అని పిలుస్తారు. వాళ్ల ముందు నిలబడి పేక అడగమంటావా? మీ నాన్న ఉంటే ఈ మాట నన్ను అడిగేదానివా? కొత్త ఊరు, చుట్టూ అడవి, సాయంత్రాలు ఏమీ తోచదని నువ్వే రాశావు. మగవాడికి ఏమీ తోచకపోతే చెయ్యి ఎటు పోతుందో నాకు తెలుసు. రాజ్ బుద్ధిమంతుడు, మొదట్లోనే చెబితే వింటాడు. అందుకని వాడికి విడిగా ఒక చీటీ రాసి ఈ ఉత్తరంతోపాటే సిరిల్ చేతికిచ్చాను. గట్టిగానే రాశాను.

పిన్నికి తెలియనివ్వకండి అన్నావు. నీ ఉత్తరాలు నాకంటే ముందు ఆవిడే చదువుతుందని మరిచిపోయావా? "మన పిల్ల ఇంట్లో పేకేటండీ" అని ఆ పూట నాకు కాఫీ కూడా ఇవ్వలేదు. ఏదో నేనే నేర్పినట్టు.

జాయ్ విషయం. ముప్పై నాలుగేళ్లు రైల్వే బుకింగ్ కిటికీ వెనక కూర్చున్నాను, ఒక్క నంబరు తప్పలేదు. కారణం భయం. అంకె అంటే భయం ఉండాలి, భయం ఉంటే తప్పు జరగదు. ఈ నాలుగు ముక్కలూ దానికి చదివి వినిపించు. పిన్ని సున్నుండలు చేసింది, పంపుతున్నాను. కోపంతో చేసింది గనక కొంచెం గట్టిగా ఉన్నాయి.

మీ చిన్నాన్న,
సమూయేలు

*

కెందుబని,
నవంబరు 17.

చిన్నాన్నా,

మీరు చేసిన పనికి నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

రాజ్ మీ చీటీని డ్యూటీలో చదివాడు. ఇంటికొచ్చి దాన్ని నా అన్నం కంచం పక్కన పెట్టి, "మీ చిన్నాన్నకి నా గురించి ఏటి రాసినావు" అన్నాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆయన జన్మలో పేక ముట్టలేదు. ఆ ముక్కలు జాయ్ కోసమని చెప్పాక చల్లబడతాడనుకున్నాను. ఇంకా మండిపడ్డాడు. అంకెలతో ఆటలేమిటి, లెక్కలు నేర్పడానికి పేకా అన్నాడు. ఇప్పుడు మీరూ ఆయనా ఒక పక్క, నేను ఒక్కదాన్నీ ఒక పక్క.

పోయినసారి పూర్తి చేయనిది ఇది. పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకునే తల్లుల గ్రూపు ఒకటి ఫోనులో ఉంది. నెట్‌వర్కు వచ్చినప్పుడల్లా చూస్తాను. లెక్కలంటే బెదిరే పిల్లలకు వాళ్లు పేకముక్కలతో నేర్పుతారు. రాజు, రాణి, జాకీ తీసేస్తే ఒకటి నుంచి పది వరకు మిగులుతాయి. చెరొక ముక్క తిప్పాలి, ఎవరిది పెద్దదైతే వాళ్లకు రెండూ. ఇంకో ఆటలో అన్నీ నేలమీద బోర్లించి, రెండు కలిపితే పది అయ్యే జతలు వెతకాలి. ఏడు దొరికితే మూడు కోసం కళ్లు వెతుకుతాయి. కూడిక చేస్తున్నానని పిల్లకు తెలియకుండానే చేసేస్తుంది.

పేక కొనడం మీకు అంత కష్టమైతే అట్టముక్కల మీద అంకెలు రాసి పంపండి. ఒకటి నుంచి పది, ఒక్కొక్కటి నాలుగేసి, మొత్తం నలభై. నేను బిస్కెట్ పెట్టెల అట్ట కోసి చేశాను గానీ రెండు రోజులకే వంగిపోయాయి. వంపు చూసి ఏది తొమ్మిదో ఏది రెండో వెనక నుంచే తెలిసిపోతోంది. మీ చేతిరాత అచ్చులా ఉంటుంది, మీరైతే బాగా చేస్తారు.

మీరు చదివి వినిపించమన్నది వినిపించాను. ముప్పై నాలుగేళ్లు ఒక్క నంబరు తప్పలేదు అన్నచోట జాయ్ పుస్తకం మూసేసి పెరట్లోకి వెళ్లిపోయింది. ఇంక అలాంటివి రాయకండి, దయచేసి.

మౌనిక

(సున్నుండలు రాజ్ కూడా తిన్నాడు. మాట్లాడకుండానే తిన్నాడు.)

*

తాల్‌బగీచా,
నవంబరు 28.

తల్లీ మౌనికా,

తప్పు నాదే. రాజ్‌కి ఇంకో చీటీ రాసి సర్దుదామనుకుంటే మీ పిన్ని పెన్ను లాక్కుని ఆ ఒక్క పనీ చేయొద్దంది.

పేక కొనడానికి ధైర్యం చేసి మూడుసార్లు గోల్‌బజార్ వెళ్లాను. మొదటిసారి దుకాణం ముందే సంఘం వాళ్లు కనబడ్డారు. రెండోసారి నోరు రాలేదు. మూడోసారి మెల్లగా అడిగితే దుకాణం దాదా, "తాస్ దేబో, కాకాబాబు?" అని బజారంతా వినబడేలా అరిచాడు. తాస్ అంటే పేకే. మిషను లేకుండానే నాకు వినబడిందంటే చూసుకో. పక్కనే మన సంఘం రాబిన్ చేపల సంచితో నిలబడి ఉన్నాడు. వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒకటి కొనకపోతే బాగుండదని గుండుసూదులు కొన్నాను. ఇంట్లో ఇప్పుడు మూడు డబ్బాలున్నాయి.

పిల్లల సామాను దుకాణంలో అంకెల కార్డులు దొరికాయి గానీ ఒక్కొక్క అంకె ఒక్కసారే ఉంది, పక్కన ఏనుగు బొమ్మలు. పది కార్డు మీద ఏనుగుల్ని లెక్కపెట్టాను, పదకొండున్నాయి. అది ఆ దాదాకి చూపించి, ఇలాంటివి పిల్లలకి అమ్మకండని చెప్పి వచ్చేశాను.

ఆఖరికి ఝపటాపూర్‌లో గిరిబాబు ప్రెస్సుకి వెళ్లాను. పెళ్లికార్డులు వేస్తాడు, మంచి అట్ట మిగులుతుంది. మా కాలపు అట్ట టికెట్టు కొలత ఇచ్చాను. మిషను మీద ఒక్క వేటుకి కట్ట మొత్తం సమానంగా తెగింది, వెనక నుంచి ఏ ముక్క ఏదో నీ తాత కూడా చెప్పలేడు. నువ్వు నలభై అడిగావు. నేను వంద పంపుతున్నాను. నాలుగు రోజులు కూర్చుని నల్ల సిరాతో 000 నుంచి 099 వరకు వరసగా రాశాను. ఒక్క నంబరు కూడా రెండోసారి పడలేదు, పిన్ని చేత సరిచూపించాను. జాయ్‌కి ఇవ్వు. దాని చేతిలో టికెట్ కట్టలాగే ఇమిడిపోతుంది.

మీ చిన్నాన్న

*

కెందుబని,
డిసెంబరు 5.

చిన్నాన్నా,

కట్ట అందింది. చూడముచ్చటగా ఉంది. దేనికీ పనికిరాదు.

నాలుగేసి అని రాశాను కదా. ఏడు ఒక్కటే ఉంటే, మూడు ఒక్కటే ఉంటే, ఒక్క జత తీశాక ఆట ఏముంది? మిగతావన్నీ నలభై ఆరు, డెబ్భై ఒకటి. పిల్ల వాటిని చూడగానే చేతులు వెనక్కి పెట్టుకుంది. మీరు అడిగింది చేయరు, అడగనిది చేస్తారు. మొదట చీటీ, ఇప్పుడిది. నాకున్న మూడు నెలల్లో ఒక నెల ఇలాగే పోయింది. పెద్దవారిని ఇలా అనకూడదు, కానీ గూట్లో ఆ ఫారం చూస్తూ మీకు మర్యాదగా రాయలేకపోతున్నాను.

ఇక్కడిదాకా నిన్న రాశాను. చింపేద్దామనుకున్నాను. ఇవాళ జరిగింది మీకే చెప్పాలి, ఇంకెవరికీ చెప్పలేను.

పొద్దున్న మీ కట్టలోంచి రెండు ముక్కలు తీసి జాయ్ ముందు పెట్టాను. 012, 080. ఏది పెద్దదని అడిగాను. దానికి తెలుసు. కళ్లు ఎనభై మీదకే వెళ్లాయి. నోరు మాత్రం తెరవదు. నేను ఒళ్లో కూర్చోబెట్టుకుని, తెలిసీ ఎందుకు చెప్పవమ్మా అన్నాను. చాలాసేపటికి నా చెవిలో చెప్పింది. "తప్పు సెప్తే బండి గుద్దేస్తాదమ్మా."

కిందటేడు రాజ్ దాన్ని ఒకరోజు అప్పుడు తను పనిచేసే స్టేషనుకి తీసుకెళ్లాడు. బండిని పంపేముందు పక్క స్టేషను మాస్టరుకి ఫోనులో ఒక రహస్య అంకె చెబుతారు కదా, ప్రైవేటు నంబరు, ఆ కాగితం చూపించాడట. ఇందులో ఒక్క అంకె తప్పితే బండ్లు గుద్దుకుంటాయి, జనం చచ్చిపోతారు అని చెప్పాడట. తన పని ఎంత గొప్పదో కూతురికి చూపించుకుందామనే. పిల్ల ఏ అంకె తప్పినా అంతేననుకుంది. అప్పటినుంచే తెల్లకాగితాలు. మా కిటికీలోంచి లైను కనబడుతుంది, చిన్నాన్నా. ఇక్కడికి వచ్చినప్పటినుంచి లెక్క అడిగినప్పుడల్లా అది ఎందుకు కిటికీ వైపు చూస్తుందో నాకు ఇప్పుడు తెలిసింది.

రాజ్‌కి చెప్పలేదు. ఎలా చెప్పను?

మౌనిక

*

తాల్‌బగీచా,
డిసెంబరు 13.

అమ్మా మౌనికా,

నీ ఉత్తరం చదివాక కంచం పక్కకి జరిపేశాను. పిన్ని వంటింట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

నాలుగేసి అని నువ్వు స్పష్టంగానే రాశావు. నేను చదివాను కూడా. మా కౌంటర్లో ఒకే నంబరు టికెట్లు రెండు కనబడితే వాటిలో ఒకటి దొంగది, ఆ రోజుతో ఎవరిదో ఉద్యోగం పోతుంది. ముప్పై నాలుగేళ్లు ప్రతి పొద్దునా కట్టలో పై నంబరు చూసి, దాని తర్వాతి నంబరు, దాని తర్వాతిది, అంతే. బుర్ర నలభై అనుకుంది. చెయ్యి తనకు తెలిసిన పని చేసుకుపోయింది.

మళ్లీ గిరిబాబు దగ్గర అట్ట కోయించి కూర్చున్నాను. ఏడు రాశాను. రెండో ఏడు దగ్గర ఆగిపోయాను. నవ్వకు, అరచేతికి చెమట పట్టింది. మీ పిన్ని చూసి, "ఇటివ్వండి. ఇంకో ఏడు రాస్తే పోలీసులొస్తారేటి?" అని పెన్ను తీసుకుని మిగతావన్నీ తనే రాసింది. పేక వద్దన్న మనిషే. నాలుగు వరసలకీ గుర్తులు కూడా తనే వేసింది: చేప, గొడుగు, గంట, ద్రాక్షగుత్తి. రాజు, రాణి లేకపోతే అది పేక కాదట, లెక్కలట. గంట బొమ్మ కొంచెం చెంబులా ఉంటుంది, సర్దుకోండి.

నలభై ఉన్నాయి. లోపల జాయ్‌కి ఒక ఉత్తరం పెట్టాను. ముందు నువ్వు చదువు. నా మీద నీకున్న గౌరవం కొంత తగ్గుతుంది, ఫర్వాలేదు.

చిన్నాన్న

జాయ్ తల్లికి తాతయ్య చెప్పే సంగతి,

ముప్పై నాలుగేళ్లు ఒక్క నంబరు తప్పలేదని మీ అమ్మకి రాశాను కదా. అబద్ధం. ఈ ముక్కల మీద బొమ్మలు వేసిన మీ దేవమణి అమ్మమ్మకి తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు.

నువ్వు పుట్టకముందు, మీ అమ్మ నీ అంత ఉన్నప్పుడు, ఒక పెళ్లివారు నలభై టికెట్లు అడిగారు. కట్టలో పైది 215. అంటే 254 వరకు ఇవ్వాలి. నేను 253 దగ్గర ఆపేశాను. ఎన్ని ఇచ్చానో నువ్వే లెక్కపెట్టు. బండి కదిలాక టికెట్లు చూసేవాడు వచ్చాడు. అందరికీ టికెట్టుంది, పెళ్లికొడుక్కే లేదు. తలమీద టోపరం, అదే బెంగాలీ పెళ్లికొడుకులు పెట్టుకునే తెల్లటి కిరీటం, దాంతో సహా అతన్ని తర్వాతి స్టేషనులో దించేశారు. పాపం, బెంచీ మీద ఒక గంట కూర్చుని వెనక బండిలో వెళ్లాడు.

ఆ రోజు ఏ బండీ ఏ బండినీ గుద్దలేదు. పెళ్లి గంట ఆలస్యమైంది, అంతే. వారం తర్వాత పెళ్లికొడుకు భార్యతో నా కిటికీ దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. మిఠాయి పొట్లం ఇచ్చి, దాదా, ఈసారి రెండు టికెట్లు, లెక్కపెట్టి ఇవ్వండి అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. చచ్చిపోలేదు, మాటవరసకి అన్నాను.

నీకు తెలిసింది చెప్పు. తప్పితే తప్పనీ. తాతయ్యే తప్పాడు.

తాతయ్య

*

కెందుబని,
2025 జనవరి 9.

చిన్నాన్నా, పిన్నీ,

నూతన సంవత్సర వందనాలు. క్రిస్మస్‌కి రాలేకపోయాం, రాజ్‌కి సెలవు దొరకలేదు. మొదట మంచి మాట చెబుతాను.

మీ ఉత్తరం జాయ్‌కి చదివాను. టోపరం దగ్గర పకపకా నవ్వింది. తర్వాత వేళ్లు ముడుస్తూ కూర్చుని, ముప్పై తొమ్మిది అంది. ఏడాదిలో నా పిల్ల నోట ఒక లెక్కకి జవాబు రావడం అదే మొదలు, చిన్నాన్నా. నేను వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆ ఉత్తరం ఇప్పటికి పదిసార్లు చదివించుకుంది. పెళ్లికొడుకు ఆ గంటసేపు ఏమి తిన్నాడని అడుగుతోంది. రాయండి.

రోజూ మధ్యాహ్నం నేలమీద చాప పరిచి ఆడుతున్నాం. మొదట్లో జవాబు గుసగుసగా చెప్పి కిటికీ వైపు చూసేది. ఇప్పుడు చూడటం తగ్గింది. పది అయ్యే జతలు నాకంటే ముందు తీస్తుంది. పిన్ని గంటని చెంబు అనే అంటాం. మీ మొదటి వంద ముక్కల్ని నేను తిట్టాను, క్షమించండి. వాటితోనూ ఏది పెద్దదో ఆడుతున్నాం.

ఇక చెడ్డ మాట. నిన్న రాజ్ డ్యూటీ నుంచి తొందరగా వచ్చాడు. మేం చాప మీద ఉన్నాం, జాయ్ తప్పు చెప్పి నవ్వుతోంది. ఆయన చూసింది తప్పూ, ముక్కలూ, నవ్వూ. ఇన్నాళ్లుగా చదువు పేరుతో ఇదా నడుస్తోంది అన్నాడు. ముక్కలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆ సాయంత్రమే ఫారం నింపేశాడు. ఫిబ్రవరి పదిన విశాఖకి రిజర్వేషను అయిపోయింది. జాయ్ నిన్నటినుంచి మళ్లీ నోరు విప్పడం లేదు.

పిల్లకి ఆ భయం ఆయన మాటవల్లే పట్టిందని చెప్పేస్తే ఆగుతాడేమో. కానీ ఆయన కూతుర్ని భుజం మీంచి దించడు, చిన్నాన్నా. తన వల్లే అని తెలిస్తే కుమిలిపోతాడు, ఆ మనసుతో వెళ్లి సిగ్నళ్ల దగ్గర కూర్చోవాలి. చెప్పాలా, మానాలా?

మౌనిక

*

తాల్‌బగీచా,
జనవరి 16.

తల్లీ,

చెప్పు. డ్యూటీకి ముందు కాదు, దిగాక చెప్పు. నీ నోటితో చెప్పలేకపోతే ఈ ఉత్తరం వాడి చేతికివ్వు. ఇది చీటీ కాదు, వాడికి బుద్ధి చెప్పడానికి రాయడం లేదు.

రాజ్, ఇక్కడినుంచి నీకు. నీకు మొట్టమొదట స్టేషను మాస్టరుగా ఆర్డరు వచ్చిన రోజు మా ఇంట్లో భోజనానికి వచ్చావు. మీ అత్తయ్య రొయ్యల కూర చేసింది. నీకు ఎదురుగా కూర్చుని నేను ఒక మాట అన్నాను. "ఒక్క అంకె తప్పితే పేనాలు పోతాయి రాజ్, జీవితాంతం గుర్తెట్టుకో" అన్నాను. నువ్వు చెయ్యి కడుక్కోకుండానే సరే మామయ్యా అన్నావు. గుర్తెట్టుకున్నావు. మంచి స్టేషను మాస్టరువయ్యావు. ఆ మాటే జాయ్ దగ్గరికి చేరింది. అది అంకె తప్పు రాస్తే ఎక్కడో బండి గుద్దుకుంటుందని అనుకుని ఏడాదిగా నోరు మూసుకుంది. ఆ సంగతి జాయే మౌనిక చెవిలో చెప్పింది. ఆ మాట నీది కాదు, నాది. నలభయ్యో టికెట్టు ఇవ్వడం మరిచిపోయినవాణ్ణి, తప్పే చేయనట్టు నీకు నీతులు చెప్పాను. పిల్లకి ఒప్పుకున్నాను, ఇప్పుడు నీకు ఒప్పుకుంటున్నాను.

హాస్టల్లో వేస్తావో, వేయవో నీ ఇష్టం, నేను అడ్డం రాను. వేసేముందు ఒక్కసారి దానితో కూర్చుని ఆడు. అంతే అడుగుతున్నాను.

పెళ్లికొడుకు ఆ గంటలో ఝాల్‌మూరీ, అదే మసాలా మరమరాలు, తిన్నాడని జాయ్‌కి చెప్పండి. అతనే చెప్పాడు, బాగా కారంగా ఉందట.

సమూయేలు

*

కెందుబని,
ఫిబ్రవరి 4.

చిన్నాన్నా,

విశాఖ ప్రయాణం లేదు. ముందు అది చెప్పేస్తున్నాను, మీ గుండె నాకు తెలుసు. రాజ్ హాస్టలుకి ఫోను చేసి రావడం లేదన్నాడు. రిజర్వేషను తనే రద్దు చేశాడు.

మీ ఉత్తరం ఇచ్చిన రోజు ఆయన రెండుసార్లు చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. మూడు రోజులు అన్నం సగం వదిలేశాడు. నేనే తొందరపడి ఇచ్చానేమోనని బెంగపడ్డాను. నాలుగోరోజు సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, బట్టలు కూడా మార్చుకోకుండా బీరువా తాళం తీశాడు. నలభై ముక్కలూ చాప మీద పెట్టి, బాసిపట్టు వేసుకుని కూర్చుని "పంచు" అన్నాడు. జాయ్ నా వైపు చూసింది. పంచమన్నాను.

పది అయ్యే జతల ఆటకి అన్నీ బోర్లించారు. మొదట ఆయన వంతు. ఆరు తీశాడు, మూడు తీశాడు. పది అన్నాడు. కావాలనే అన్నాడు, ఆయన అంకె తప్పే మనిషి కాదు. జాయ్ మొహం పాలిపోయింది. "తప్పు సెప్పినావు నాన్నా" అని గుసగుసగా అని లేచి కిటికీ దగ్గరికి పరుగెత్తింది. అప్పుడే గూడ్సు వస్తోంది. కిటికీ ఊచలు పట్టుకుని ఒక్కొక్క పెట్టెనూ చూసింది. ఆఖరి పెట్టె దాటి, చప్పుడు కూడా పోయేదాకా అక్కడే నిలబడింది. ఆయన కదల్లేదు, పిలవలేదు. తర్వాత ఇటు తిరిగి, "ఎల్లిపోనాది" అంది.

అప్పుడు ఆయన అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "అంకె తప్పకూడదని సెప్పినానే, అది నా ఆఫీసు బల్ల కాడ మాటమ్మా. అక్కడ నాను సూసుకుంటాను. నువ్వెన్ని తప్పినా ఏ బండికీ ఏటీ అవదు. నీకు అలా సెప్పడం నాను సేసిన తప్పు."

జాయ్ వచ్చి చాప మీద కూర్చుంది. ఎనిమిది తీసింది, అయిదు తీసింది. పెద్దగా, ఇల్లంతా వినబడేలా "పది" అంది. అని కిటికీ వైపు చూడలేదు. వాళ్ల నాన్న మొహంలోకి చూస్తూ కూర్చుంది. ఆయన కళ్లు తుడుచుకుని, "తప్పు. ముక్కలు బోర్లించు, ఇప్పుడు నా వంతు" అన్నాడు.

అది ఆ రోజు. ఇప్పుడు రోజూ డ్యూటీ దిగి నేరుగా చాప మీదకే వస్తున్నాడు. అలాగని పిల్లకి లెక్కలన్నీ వచ్చేశాయని అనుకోకండి. కూడికలు బాగానే చేస్తోంది, తీసివేతల్లో అప్పు తెచ్చుకోవడం దగ్గర తికమక పడుతోంది. ఎక్కాలు ఇంకా మొదలుపెట్టలేదు. వచ్చే ఏడాది ఖరగ్‌పూర్ బడిలో చేరడానికి పరీక్ష రాయిద్దామని రాజే అన్నాడు. తెల్లకాగితం ఇవ్వదు, ఆ మాత్రం ధైర్యం నాకుంది. అప్పుడు మీ ఇంట్లోనే ఉంటాం, పిన్నికి ఇప్పుడే చెప్పి ఉంచండి.

సిరిల్ అన్నయ్య బండి వచ్చే వేళైంది. జాయ్ తనూ రాస్తానని పక్కనే గొడవ చేస్తోంది. కింద చోటు వదులుతున్నాను.

మీ మౌనిక

తాతయ్యా,
నిన్న నాను పదకొండు తప్పులు సేసినాను. నాన్న తొమ్మిదే సేసినాడు. నానే రెండు ఎక్కువ. నానే గెలిసినాను.
జాయ్